ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క మాట

- మన హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (గణితం)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ నుంచి కబురు వచ్చినప్పుడు సంతోషించాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. ఇప్పుడు పీజీ చదువుతున్నాను. నాలాంటివాళ్లు ఇలాంటి సంచికల్లో "కష్టపడితే సాధించలేనిది లేదు" అని రాయడం ఆనవాయితీ. నేను మాత్రం ఒక ఓటమి గురించి రాస్తాను. చాలా చిన్న ఓటమి. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించబోయి, ఉన్నదాన్ని కూడా పోగొట్టాను. మళ్లీ అది నిలబడటానికి తొమ్మిది రోజులు పట్టింది. అందులో మూడు రోజులు కంప్యూటర్ వల్ల పోలేదు, నా సిగ్గు వల్ల పోయాయి. ముఖ్యంగా ఆ మూడు రోజుల గురించి తమ్ముళ్లకు చెప్పాలని ఈ వ్యాసం.

మాది రాజోలు వైపు ఒక లంక గ్రామం. నాన్నది కొబ్బరి దింపు పని. అమ్మ కూలికి వెళ్తుంది. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా, అమ్మ డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పులోంచి 9,000 రూపాయలు పెట్టి పాత డెస్క్‌టాప్ ఒకటి కొన్నాం. ఇంటెల్ మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. అందులో విండోస్ 10 ఉండేది. మా వీధిలో అదే మొదటి కంప్యూటర్. ఎవరికి ఏ దరఖాస్తు నింపాలన్నా, హాల్‌టికెట్ తీయాలన్నా మా ఇంటికే వచ్చేవారు. అలా నాకు "కంప్యూటర్ వచ్చిన కుర్రోడు" అని పేరు పడింది. నిజానికి నాకు వచ్చింది దాన్ని వాడటం మాత్రమే. ఆ తేడా నాకూ తెలియదు, వీధికీ తెలియదు.

విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే దానికి టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. మా కంప్యూటర్‌కు ఆ రెండూ లేవు. కొత్తది కొనే స్తోమత మాకు లేదు. అందుకని లైనక్స్ మింట్ వేద్దామని నిశ్చయించుకున్నాను. లైనక్స్ గురించి వినని తమ్ముళ్లకు ఒక్క మాట: 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల ఫిన్లాండు విద్యార్థి తన ఇంటి కంప్యూటర్ కోసం మొదలుపెట్టిన పని అది. దాన్ని ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు. మన సీనియర్ అన్నలకు విండోస్ ఎక్స్‌పీ సీడీలు, వాటి కవరు మీద పెన్నుతో రాసుకున్న కీ నంబర్లు గుర్తుండే ఉంటాయి. ఆ రోజుల్లోనే ఉబుంటు అనే లైనక్స్ సీడీలను అడిగినవాళ్లకు పోస్టులో ఉచితంగా పంపేవారు. 2011 వరకు పంపారు. ఆ సంగతి మన హాస్టల్ దాకా వచ్చిందో లేదో అన్నలే చెప్పాలి.

2026 సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లాను. భోగి ముందురోజు రాత్రి పని మొదలుపెట్టాను. నా ఫోన్ హాట్‌స్పాట్ మీద దాదాపు 3 జీబీ ఫైలు దించాను. మధ్యలో రెండుసార్లు ఆగి, మళ్లీ మొదలైంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌కు పెట్టి, "డిస్క్ మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చేయి" అనే దాన్ని నొక్కాను. చెల్లి పక్కనే ఉంది. ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చుకున్న పుస్తకాలను పేజీ పేజీ ఫోన్‌తో ఫొటోలు తీసి కంప్యూటర్‌లో పెట్టుకుంది. దాదాపు 700 ఫొటోలు. "అన్నయ్యా, నావి ఉంటాయి కదా?" అంది. "ఏం కావులే" అన్నాను. చెరిపి అన్న మాట కళ్లెదుట ఉండగానే అన్నాను. ఆ ఫొటోలు వేరే ఎక్కడా లేవని నాకు తెలుసు. కాపీ తీయడానికి ఇంకో పెన్‌డ్రైవ్ కావాలి, పొద్దున్నే రాజోలు వెళ్లాలి. అప్పటిదాకా ఆగడానికి నాకు ఓపిక లేకపోయింది.

సగం దాటాక ఇన్‌స్టలేషన్ ఆగిపోయింది. తెర మీద ఒక పొడుగాటి సందేశం వచ్చింది. ఫైళ్లను కాపీ చేస్తుండగా ఇన్‌పుట్ అవుట్‌పుట్ లోపం వచ్చిందని, సీడీ గానీ డ్రైవు గానీ హార్డ్ డిస్క్ గానీ చెడి ఉండొచ్చని, కంప్యూటర్‌ను చల్లని చోటికి మార్చి చూడమని దాని సారాంశం. నేను అందులో మొదటి లైను కూడా పూర్తిగా చదవలేదు. కంగారులో స్విచ్ కట్టేశాను. మళ్లీ వేశాను. అప్పుడు విండోసూ లేదు, లైనక్సూ లేదు. నల్లటి తెర మీద తెల్లగీత ఒకటి మిణుకుమిణుకుమంటోంది.

ఇక ఆ మూడు రోజులు. మానిటర్ మీద తువ్వాలు కప్పాను. నాన్న అడిగితే "కరెంటు హెచ్చుతగ్గులకి ఏదో అయింది, చూస్తాను" అన్నాను. పక్కింటి పిన్ని కొడుకు దరఖాస్తు కోసం వస్తే "ఇంటర్నెట్ లేదు, పండగ తర్వాత రా" అన్నాను. కనుమ నాడు స్నేహితులు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి రమ్మంటే తలనొప్పి అన్నాను. ముగ్గురికి మూడు అబద్ధాలు. చెల్లి మాత్రం ఏమీ అడగలేదు. అదే నాకు ఎక్కువ బాధగా అనిపించింది.

ఎందుకు దాచానని ఇప్పుడు ఆలోచిస్తే ఒకటి అర్థమవుతోంది. నా పీజీ క్లాసులో ఒక స్నేహితుడున్నాడు. వాళ్ల నాన్న ఇంజినీరు, మేనమామ లెక్చరర్. ఆ కుర్రాడు ల్యాప్‌టాప్ పాడుచేస్తే ఇంట్లో తిడతారు, తర్వాత మేనమామకు ఫోన్ చేస్తారు, సాయంత్రానికి బాగవుతుంది. అతనికి అది ఒక పాడైన ల్యాప్‌టాప్, అంతే. మనకు అలా కాదు. మనం పాడుచేస్తే "మనకెందుకురా ఇవన్నీ" అని ఎవరైనా అంటారేమోనని భయం. ఆ మాట ఎవరూ అనకముందే మనమే మన చెవిలో అనుకుంటాం. ఇంటికి మొదటి గ్రాడ్యుయేట్ అంటే అన్నీ తెలిసినవాడు అని చుట్టూ ఉన్నవాళ్లు ప్రేమతో నమ్ముతారు. ఆ నమ్మకం పోతుందేమోనని తెలియదు అనే మాట మన నోటికి రాదు. హాస్టల్లో ఉన్నప్పుడు కూడా అంతే. స్టడీ అవర్‌లో లెక్క రాకపోతే పక్కవాడిది చూసి దించామే గానీ రాలేదని ఎంతమందిమి చెప్పాం?

నాలుగో రోజు ఉదయం నాన్న తువ్వాలు తీసి చూశాడు. "ఒరేయ్ నానా, అసలేమైందిరా?" అన్నాడు. ఇక దాచలేక ఉన్నదున్నట్టు చెప్పేశాను. చెల్లి ఫొటోల సంగతి కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "మొవ్వు చూశావా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "ఆకులు వేలాడితే చెట్టు చచ్చిపోయిందనుకోకూడదురా. పైకెక్కి మొవ్వు చూడాలి. మొవ్వు కుళ్లిందంటే చెట్టు పోయినట్టే. మొవ్వు బాగుంటే చెట్టు బతుకుద్ది. కిందనుంచే చెప్పేవోడి మాట నమ్మకూడదు" అన్నాడు. నాన్న మూడో తరగతి వరకే చదివాడు. నాకు ఎమ్మెస్సీలో కూడా ఎవరూ అంత సూటిగా చెప్పని పాఠం అది.

ఆ రోజే సీపీయూ డబ్బాను బస్సులో పెట్టుకుని పట్నంలో ఒక షాపుకు తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ రెండు నిమిషాలు చూసి "హార్డ్ డిస్క్ పోయిందండి. కొత్తది వేసి ఫార్మాట్ కొట్టి ఇస్తాను, 2,800 అవుద్ది ఆయ్" అన్నాడు. అతను మోసగాడని నేననను. రోజుకు పది డబ్బాలు చూసే మనిషికి కారణం వెతికే తీరిక ఉండదు, భాగం మార్చేయడమే తేలిక. కానీ 2,800 అంటే మా నాన్నకు ఎన్ని చెట్ల దింపో నాకు తెలుసు. "మొవ్వు చూశావా" అన్న మాట గుర్తొచ్చి డబ్బా వెనక్కి తెచ్చేశాను.

తర్వాత చేసిన పనులు వరసగా చెబుతాను. రేపు ఎవరికైనా పనికొస్తాయి.

మొదట హార్డ్ డిస్క్ సంగతి. లైనక్స్ పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్‌ను నడిపితే, ఇన్‌స్టాల్ చేయకుండానే లోపల చూడొచ్చు. అందులో డిస్క్స్ అనే ప్రోగ్రాము ఉంటుంది. హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కను అది చూపిస్తుంది. దాన్ని స్మార్ట్ డేటా అంటారు. మా డిస్క్ బాగానే ఉందని వచ్చింది. స్మార్ట్ బాగుందంటే డిస్క్‌కు ఎప్పటికీ ఏమీ కాదని కాదు గానీ, దాన్ని పోయిందని తీసి పారేయడానికి ఆధారం ఏదీ కనిపించలేదు.

మరి కాపీ ఎందుకు ఆగింది? సందేశాన్ని ఈసారి ఫొటో తీసి, డిక్షనరీ పెట్టుకుని చదివాను. డిస్క్ ఒక్కటే కాదు, దేన్నుంచి కాపీ చేస్తున్నామో అది కూడా చెడి ఉండొచ్చని అందులోనే ఉంది. పెద్ద ఫైలు ఇచ్చేవాళ్లు దాని పక్కనే 64 అక్షరాల వేలిముద్ర ఒకటి ఇస్తారు. షా-256 అంటారు. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ వేలిముద్ర మొత్తం మారిపోతుంది. స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో సెర్ట్‌యుటిల్ అనే కమాండుతో చూస్తే నేను దించిన ఫైలు వేలిముద్ర కలవలేదు. ఆగి ఆగి దిగిన ఆ డౌన్‌లోడే చెడిపోయింది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించినప్పుడు అంతా సరిగ్గా ఉందని చూపించింది నిజమే. చెడిన ఫైలునే సరిగ్గా ఎక్కించింది మరి!

స్నేహితుడి ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ మీద మళ్లీ దించి, వేలిముద్ర కలిశాకే పెన్‌డ్రైవ్ చేశాను. వెంటనే ఇన్‌స్టాల్ చేయలేదు. చెరిపేసిన డిస్క్ మీద కొత్తది ఎంత రాస్తే పాతది అంతగా పోతుంది. అందుకని ముందు ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో డిస్క్‌ను వెతికించి, దొరికినవి స్నేహితుడి బయటి డిస్క్‌లో పెట్టాను. రాత్రంతా పట్టింది. చెల్లి 700 ఫొటోల్లో 500 పైచిలుకు వచ్చాయి. పేర్లు పోయాయి, వరస పోయింది. ఆ పేజీలను మళ్లీ వరసలో పెట్టుకోవడానికి దానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. మిగతావి రాలేదు. ఈ కథలో సరిదిద్దలేనిది అదొక్కటే. రెండు వందల రూపాయల పెన్‌డ్రైవ్, ఒక్క పూట ఓపిక ఉంటే అది జరిగేది కాదు.

ఏడో రోజు ఇన్‌స్టలేషన్ పూర్తయింది. కానీ మళ్లీ ఆన్ చేస్తే బూట్ అయ్యే డిస్క్ లేదంది. వెతికితే కారణం తెలిసింది. ఆ కాలపు కంప్యూటర్లలో లెగసీ, యూఈఎఫ్ఐ అని రెండు పద్ధతులుంటాయి. ఇన్‌స్టాల్ ఒక పద్ధతిలో జరిగి, కంప్యూటర్ ఇంకో పద్ధతిలో లేస్తే రెండింటికీ పొసగదు. బయోస్‌లోకి వెళ్లి యూఈఎఫ్ఐకి మార్చాను. లైనక్స్ లేచింది. ఇంట్లో అందరికీ చూపించాను. పక్కింటి పిన్ని కొడుకు దరఖాస్తు కూడా నింపేశాం.

ఎనిమిదో రోజు పొద్దున్న చూస్తే మళ్లీ అదే నల్ల తెర. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు చెల్లి వచ్చి బయోస్ తెర మీద ఒక మూల చూపించింది. "అన్నయ్యా, ఇందులో 2012 జనవరి 1 అని ఉందేంటి?" అంది. నేను అక్కడికి పదిసార్లు వెళ్లి ఉంటాను, తారీఖు వైపు ఒక్కసారి చూడలేదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని, చాలా పాత బోర్డుల్లో బయోస్ సెట్టింగులను నిలబెట్టేది అదే. అది అయిపోయింది. రాత్రి నాన్న అలవాటు ప్రకారం మెయిన్ స్విచ్ కట్టేయగానే కంప్యూటర్ తారీఖూ మర్చిపోయింది, నేను మార్చిన సెట్టింగూ మర్చిపోయింది. తొమ్మిదో రోజు రాజోలులో 40 రూపాయలకు సెల్లు కొని వేశాం. అప్పట్నుంచి ఇంతవరకు బాగానే నడుస్తోంది.

2,800 రూపాయల రోగం 40 రూపాయలతో పోయిందని గొప్ప చెప్పుకోవడానికి ఇదంతా రాయలేదు. హార్డ్ డిస్క్ నిజంగానే పోయి ఉండొచ్చు కూడా. నేను చెప్పదలచుకున్నది వేరు. ఇందులో ఏ ఒక్క మెట్టుకూ ఎమ్మెస్సీ అక్కర్లేదు. చెల్లి ఇంటర్ చదువుతూ తారీఖు చూసింది. నాన్న కంప్యూటర్ ముట్టకుండానే దారి చెప్పాడు. వాళ్లిద్దరూ మొదటి రోజు నుంచీ ఇంట్లోనే ఉన్నారు. నేను నోరు విప్పాకే వాళ్లు సాయం చేయగలిగారు.

అందుకని మన హాస్టల్‌కు నాదొక సూచన. ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని, స్టడీ హాల్లో దారంతో కట్టి ఉంచుదాం. దానికి పొరపాట్ల పుస్తకం అని పేరు పెడదాం. కంప్యూటర్ గానీ, ఆన్‌లైన్ దరఖాస్తు గానీ, స్కాలర్‌షిప్ నమోదు గానీ ఎక్కడ ఏ పొరపాటు జరిగినా అందులో రాయాలి. తారీఖు, ఏం చేయబోయాను, తెర మీద ఏమొచ్చింది, ఏది మార్చాను, ఏమైంది. తెలుగులోనే రాయాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మొదటి పేజీ నేను రాస్తాను, నా పేరుతో సహా.

ఈ రోజుల్లో అన్నీ ఫోన్‌లో దొరుకుతాయి, పుస్తకం ఎందుకు అని కొందరు అనొచ్చు. దొరుకుతాయి నిజమే, ఎక్కువగా ఇంగ్లీషులో, వంద రకాలుగా. 2022 మే చివర్లో మన కోనసీమలో కొన్ని రోజులపాటు ఇంటర్నెట్ ఆపేసినప్పుడు ఫోన్‌లో ఉన్న జ్ఞానం మనకు ఏ మేరకు అందిందో అప్పుడు ఇక్కడ చదువుతున్నవాళ్లందరికీ తెలుసు. పుస్తకంలో రాసిన మాటకు సిగ్నల్ అక్కర్లేదు. పైగా "ఇది మా సీనియర్‌కు కూడా జరిగింది" అనే ధైర్యం ఏ ఫోనూ ఇవ్వదు.

పిల్లల చేతికి ఇస్తే ఉన్న కంప్యూటర్ పాడుచేస్తారు, రిజిస్టరులో ఉన్న వస్తువుకు జవాబు ఎవరు చెబుతారు అనేది వార్డెన్ గారి వైపు నుంచి న్యాయమైన ప్రశ్న. అందుకే రిజిస్టరులో ఉన్నదాని జోలికి వద్దు. ఉద్యోగాలు చేస్తున్న అన్నలు తమ ఇళ్లలో మూలపడ్డ పాత డబ్బా ఒకటి, పాడుచేయడానికే అని రాసి ఇవ్వండి. తమ్ముళ్లు దాన్ని విప్పుతారు, చెరుపుతారు, మళ్లీ ఎక్కిస్తారు. ఇది గాలిలో మేడ కాదు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో చాలా ఏళ్లుగా లైనక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు నడుస్తున్నాయి. 2018లో అక్కడ లిటిల్ కైట్స్ అనే విద్యార్థి క్లబ్బులు పెట్టి, పిల్లలకే హార్డ్‌వేర్ మొదలు మలయాళం కంప్యూటింగ్ వరకు నేర్పిస్తున్నారు. మన పిల్లలు వాళ్లకు తీసిపోరు.

అన్నలకు ఇంకొక విన్నపం. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మీరు ఎలా గెలిచారో చెబుతారు, మేం చప్పట్లు కొడతాం. ఈసారి ఒక్కొక్కరు ఎక్కడ తప్పటడుగు వేశారో కూడా ఐదు నిమిషాలు చెప్పండి. మొదటి ఇంటర్వ్యూలో ఏం అడిగితే నోరు పెగల్లేదో, మొదటి జీతంలో ఎక్కడ మోసపోయారో చెప్పండి. మీరు చెబితే మేం కూడా చెబుతాం.

తమ్ముళ్లూ, ఫార్మాట్ కొట్టే ముందు కాపీ తీసుకోండి. దించిన ఫైలు వేలిముద్ర చూసుకోండి. సందేశం చివరి లైను వరకు చదవండి. పాత కంప్యూటరైతే తారీఖు చూడండి. పాడైపోతే తువ్వాలు కప్పకండి, పక్కవాణ్ణి పిలవండి. మొదటి వంద రూపాయలు నేనిస్తున్నాను, నోట్‌బుక్‌కు, దారానికి, ఒక సీఆర్ 2032 సెల్లుకు.